మహమ్మారి గురించి బడి గోడ మీద ఏమి రాయాలి? మీ ఊరి అనుభవం చెప్పండి

వంశధార మాస్టారు (నరసన్నపేట వైపు) – శనివారం, ఉదయం 6:40

మా ప్రాథమిక పాఠశాల ప్రహరీకి ఈ వారం సున్నం వేయించాం. రోడ్డు వైపు గోడ మీద 2020లో కరోనా వచ్చినప్పుడు ఎర్ర రంగుతో రాయించిన వాక్యం ఇంతకాలం అలాగే ఉండిపోయింది. "ఇంట్లోనే ఉండండి, ప్రాణాలు కాపాడుకోండి" అని ఉండేది. ఎండకు, వానకు చెరిగి చివరికి "ఇంట్లో ప్రాణాలు" అన్న రెండు మాటలే మిగిలాయి. రెండో తరగతి పిల్లలు వాటిని కూడబలుక్కుని చదివి, అర్థమేమిటని నన్ను అడిగేవారు. ఆ రోజుల గురించి వాళ్లకు ఏమీ తెలియదు. చెప్పబోతే కథ విన్నట్టు వింటారు.

సున్నం ఆరింది. వచ్చే ఆదివారం పెయింటర్ వస్తానన్నాడు. ఆ గోడ మీద ఏడెనిమిది వాక్యాలకు మించి పట్టవు. అటువంటి రోగం మళ్లీ వస్తే మా ఊరివాళ్లు బడి ముందు నుంచి పోతూ చదువుకుని ఆచరించగలిగే మాటలు కావాలి. కరపత్రాల్లో ఉన్నవి నా దగ్గర చాలా ఉన్నాయి, అవి పంపకండి. మీరు విని పాటించిన మాట ఏది? విని కూడా పాటించలేకపోయిన మాట ఏది? ఎందుకు పాటించలేకపోయారు? అది చెప్పండి.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైతే, మన శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ చివరి వారం దాకా, విజయనగరం జిల్లాలో మే మొదటి వారం దాకా ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. మిగతా జిల్లాలకు దొరకని నెల రోజులు మనకు దొరికాయి. మా ఊళ్లో ఆ నెలంతా పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేసి, దాని వెనుక కూర్చున్నాం. ఒక్క బిడ్డకైనా చేతులు సరిగ్గా కడుక్కోవడం నేర్పామా అంటే, లేదు. నేనే నేర్పలేదు.

గంటస్తంభం (విజయనగరం) – శనివారం, ఉదయం 8:15

మాస్టారూ, మంచి పని తలపెట్టారు. నాకు గంటస్తంభం దగ్గర కిరాణా దుకాణం ఉంది. దుకాణం ముందు సుద్దతో గుండ్రాలు గీశాను, అడ్డంగా తాడు కట్టాను, బకెట్టు, సబ్బు పెట్టాను. 2020లో జనం ఆ గుండ్రాల్లో బుద్ధిగా నిలబడ్డారు. నేను చెప్పానని కాదు, భయం వేసి నిలబడ్డారు.

2021 జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి అదే జనం ఆ గుండ్రాలు తొక్కుకుంటూ వచ్చారు. కేసులు తగ్గాయి, ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, పెళ్లిళ్లకు శుభలేఖలు వచ్చాయి. నేను కూడా తాడు విప్పేశాను. ఏప్రిల్, మే నెలల్లో ఏమి జరిగిందో మీకు తెలుసు. మా అన్నయ్య ఒక పెళ్లికి వెళ్లి వచ్చిన తొమ్మిదో రోజున ఆస్పత్రిలో చేరాడు. ఇంటికి తిరిగి రాలేదు.

అందుకే నా మాట ఒక్కటే. "తగ్గిందని విన్న రోజున మాస్కు తీయకండి" అని రాయించండి. పెద్ద అక్షరాలతో రాయించండి. భయపెట్టకూడదని ఎవరైనా అంటారేమో, నేను ఒప్పుకోను. భయం ఉన్నన్నాళ్లు మా అన్నయ్య బతికే ఉన్నాడు.

ఆశా అక్క (రణస్థలం మండలం) – శనివారం, మధ్యాహ్నం 2:05

అన్నయ్యగారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఆ రెండు నెలల్లో నేను తిరిగిన వీధుల్లో కూడా అటువంటి ఇళ్లు ఉన్నాయి. అయినా భయం గురించి నేను చూసింది చెప్పాలి.

మేము, ఏఎన్‌ఎం, వాలంటీర్లు కలిసి ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగి రాసుకునేవాళ్లం. మొదటి విడత సర్వేలో జనం చెప్పారు. మా వీధిలో ఒక ఇంటికి పాజిటివ్ వచ్చింది. ఇంటి ముందు కర్రలు కట్టారు, ఎర్ర రిబ్బను చుట్టారు, బ్లీచింగ్ చల్లారు, అంబులెన్సు మోతతో వచ్చింది. ఊరంతా మేడలెక్కి చూసింది. ఆ తరువాత నాకు ఎవరూ జ్వరం ఉందని చెప్పలేదు. తలుపు సగం తెరిచి "అందరం బాగున్నాం" అని వేసేసేవారు. లోపల దగ్గు వినపడేది.

ఒక అత్త ఆరు రోజులు జ్వరం దాచింది. పాల కేంద్రంలో పాలు తీసుకోరని, కోడలిని నీళ్ల దగ్గరకు రానివ్వరని దాచింది. ఏడో రోజు ఆయాసంతో కూలబడింది. వేలికి ఆక్సిమీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై రెండు శాతమే చూపించింది. అదృష్టవశాత్తు దక్కింది. ఆమె ఇంట్లో మాత్రం నలుగురికి అంటింది.

ఆమెకు రోగం గురించి తెలియక కాదు. మాస్కు పెట్టుకునేది, చేతులు కడుక్కునేది. ఊరి నోటికి జడిసి దాచింది. మాస్టారూ, "జ్వరం వస్తే మొదటి రోజే చెప్పండి" అని గోడ మీద రాయించండి. చెబితే ఊరు ఏమి చేస్తుందో దాని కిందనే రాయించండి. అది లేకపోతే మొదటి మాట ఎవరూ వినరు.

వలసబాట (ఆమదాలవలస దగ్గర) – శనివారం, రాత్రి 9:30

నేను చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లేవాడిని. 2020 మేలో ఊరికి వచ్చాను. కొంత దూరం లారీలో, కొంత నడక. జాతీయ రహదారి పక్కన మజ్జిగ, పులిహోర పొట్లాలు పెట్టిన ఊళ్లకు ఇప్పటికీ చేయెత్తి దండం పెడతాను. మా సొంత ఊరి పొలిమేరలో మాత్రం కంప అడ్డం ఉంది. కంపకు అటువైపు నిలబడి మా అమ్మ ఏడ్చింది.

అప్పుడు మైకులో రోజంతా ఒక మాట వినపడేది, "సామాజిక దూరం పాటించండి". మాస్టారూ, ఆ మాట మా పేటలో ఎలా వినపడిందో చెప్తాను. మా తాత తరంలో బావి దగ్గర అదే దూరం. హోటల్లో గ్లాసు వేరు, అదే దూరం. దానిని మళ్లీ ఆటోకు మైకు కట్టి చెబుతున్నారని మా పెద్దవాళ్లు అనుకున్నారు. పై ఊరివాళ్లలో కొందరు కూడా అలాగే అర్థం చేసుకున్నారు. రోగం ఉన్నా లేకపోయినా మా పేటవాళ్లను దుకాణం దగ్గర వెనక్కి నిలబెట్టారు. గుండ్రాలు అందరికీ ఒకటే అయితే నిలబడటానికి మాకేమి అభ్యంతరం?

మీ గోడ మీద ఆ మాట రానివ్వకండి. ఆరడుగులు అని రాయండి. ఆరడుగులకు కులం లేదు.

పరీక్షగది (విజయనగరం) – శనివారం, రాత్రి 11:10

ల్యాబ్ టెక్నీషియన్‌ని. వలసబాట తమ్ముడు చెప్పిన మాట ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడా తట్టింది. 2020 మార్చిలోనే వాళ్లు ఆ పదం వదిలి "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టారు. మనిషికి, మనిషికి మధ్య జాగా ఉండాలి కానీ సంబంధాలు తెగకూడదన్నది వాళ్ల ఉద్దేశం. మన మైకుల్లో మాత్రం పాత మాటే తిరిగింది.

మనం అప్పుడు చేసిన పనుల్లో ఏవి అవసరమైనవో, ఏవి శ్రమ దండగో చెప్తాను. గోడ మీద చోటు తక్కువ అన్నారు కాబట్టి ఇది ఉపయోగపడుతుంది.

సబ్బు అవసరం. ఆ వైరస్ పైపొర కొవ్వుతో కూడినది. జిడ్డు గిన్నెకు సబ్బు ఏమి చేస్తుందో ఆ పొరకూ అదే చేస్తుంది. పొర విడిపోతే వైరస్ చచ్చినట్టే. ఇరవై సెకన్లు రుద్దమనడం ఇందుకే. వేళ్ల సందులు, గోళ్ల చివర్లు, బొటనవేలు మనం ఎప్పుడూ మరిచిపోతాం. శానిటైజర్ అయితే అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి, అది చేతులకు మాత్రమే. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగినవారు పదిమందికి పైగా చనిపోయారు. సీసా ఇంట్లో ఎక్కడ పెట్టాలో కూడా చెప్పవలసిన విషయమే.

మాస్కు, గాలి, ఈ రెండూ ఇంకా అవసరం. మొదట్లో తుంపర్ల గురించే చెప్పారు. మూసిన గదిలో సన్నని తుంపర్లు చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటాయని తరువాత గట్టిగా తెలిసింది. కిటికీ తెరవండని మన మైకులు చెప్పనే లేదు. మన పల్లెటూళ్లలో అరుగులు, వసారాలు, చావిడి, చెట్టు కింద రచ్చబండ ఉన్నాయి. అవన్నీ వదిలి, ఫ్యాను వేసి తలుపులు బిగించి కూర్చున్నాం. లక్షణాలు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే రోగం అంటుతుంది. కనుక దగ్గేవాడి నుంచి తప్పుకుంటే చాలదు.

శ్రమ దండగ అయినది మనుషుల మీద మందు చల్లడం. సొరంగంలా గొట్టాలు కట్టి అందులోంచి జనాన్ని నడిపించారు. దానివల్ల లాభం లేదు, కళ్లకు, చర్మానికి హాని అని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

వంశధార మాస్టారు – ఆదివారం, ఉదయం 7:00

నిన్న రాత్రి ఇవన్నీ చదివి నా చిత్తుకాగితం చింపేశాను. అందులో మొదటి వాక్యమే "సామాజిక దూరం". వలసబాట తమ్ముడూ, నేను తెలుగు చెప్పే మనిషిని. ఆ మాట ఎవరి చెవికి ఎలా తగులుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెప్పినందుకు కృతజ్ఞుడిని.

ఆశా అక్కా, "చెబితే ఊరు ఏమి చేస్తుంది" అన్నారు. దాని గురించి ఇంకా వివరంగా రాయగలరా?

అలల ఊరు (ఎచ్చెర్ల మండల తీరం) – ఆదివారం, మధ్యాహ్నం 1:20

మా నాన్న వెరావల్ బోట్ల మీద పని చేసేవాడు. మా తీరం నుంచి ఏటా వేల మంది గుజరాత్ వెళ్తారు. లాక్‌డౌన్‌లో వాళ్లంతా అక్కడి హార్బరులో బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఒక్కొక్క బోటులో ఏడెనిమిది మంది పక్కపక్కన పడుకోవాలి. మా నాన్న ఫోనులో అడిగాడు, "ఆరడుగుల దూరం అంటున్నారు, నేను సముద్రంలోకి దిగి నిలబడనా?" అని. మాకు జవాబు తోచలేదు.

మే నెల మొదట్లో నాలుగు వేల మందికి పైగా బస్సుల్లో రాష్ట్రానికి వచ్చారు. వచ్చినవారిని క్వారంటైన్ కేంద్రాల్లో ఉంచారు. మా ఊళ్లో కొందరు మొదట వాళ్లను ఊళ్లోకి రానివ్వం అన్నారు. అప్పుడు ఊరి పెద్దలు రామమందిరం ముందు కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. కేంద్రంలో ఉన్నవారి ఇళ్లకు బియ్యం, చేప, కిరోసిన్ ఊరే చూడాలి. తిరిగి వచ్చినవాడిని ఒక్క మాట అన్నవాడికి జరిమానా. రోగం వచ్చినవాడికి జరిమానా లేదు, మాట అన్నవాడికే. గమనించండి.

ఆ తరువాత మా ఊళ్లో ఎవరూ ఏమీ దాచలేదు. ఒడ్డున చేపల వేలం కూడా మార్చారు. ఒక్కో వీధికి ఒక్కో పూట. ఇదంతా ప్రభుత్వం చెప్పింది కాదు, పెద్దలు చెప్పారు. మా వాళ్లు కలెక్టరు మాట కన్నా వాళ్ల మాటకు ఎక్కువ కట్టుబడతారు. అందుకే మీ గోడ మీద ఎవరి పేరుతో రాస్తున్నారన్నది కూడా ముఖ్యం.

కొబ్బరితోట (కవిటి) – ఆదివారం, సాయంత్రం 5:45

ఉద్దానం నుంచి రాస్తున్నాను. మా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. మా ఊళ్లో ఒక్కో వీధిలో ఇద్దరు ముగ్గురు అటువంటివాళ్లు ఉంటారు. ఇది ఇన్నేళ్లుగా కారణం తేలని జబ్బు.

"ఇంట్లోనే ఉండండి" అన్న మాట వినగానే మా అమ్మ అడిగింది, "ఇంట్లోనే ఉంటే నేను ఎన్నాళ్లు ఉంటానురా?" అని. రక్తం శుద్ధి కాకపోతే వారం పది రోజులు. బయటకు వెళ్తే కొత్త రోగం, అది సోకితే మా అమ్మ వంటివాళ్లు తట్టుకోవడం చాలా కష్టం. రెండు వైపులా గొయ్యి.

మా వీధి కుర్రాళ్లు ఒక ఆటో మాట్లాడారు. పక్కల పరదాలు తీసేసి గాలి ఆడేలా చేశారు. రోగులు ముగ్గురే ఎక్కాలి. డ్రైవరుతో సహా అందరికీ మాస్కు. ఆ డ్రైవరు రెండు నెలలు వేరే బేరం ఒప్పుకోలేదు, వేరే మనుషులు ఎక్కితే ప్రమాదమని. ఊరు చందా వేసి అతని ఇల్లు నడిపింది. ప్రతి ఒక్కరినీ ఇంట్లో ఉండమనే ముందు, ఉండలేనివాళ్లు ఎవరో ఊరికి తెలిసి ఉండాలి. డయాలసిస్ వాళ్లు, నెలలు నిండినవాళ్లు, టీబీ మందు వాడేవాళ్లు. ఆ జాబితా జబ్బు రాకముందే ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. మీ గోడ మీద వాళ్లకు ఒక్క వాక్యమైనా కేటాయించండి మాస్టారూ.

ఆశా అక్క – ఆదివారం, రాత్రి 8:50

ఆ జాబితా మా రిజిస్టర్లలో ఉంటుంది తమ్ముడూ. గర్భిణులది, టీబీది, బీపీ, షుగరుది అన్నీ ఉంటాయి. వాళ్లను ఎవరు, ఏ బండిలో తీసుకువెళ్లాలన్న కాలమ్ మాత్రం లేదు.

మాస్టారూ, మీరు అడిగినదానికి జవాబు. జ్వరం ఉందని చెప్పినవాళ్లకు మేము "విడిగా గదిలో ఉండండి" అనేవాళ్లం. మా పరిధిలో సగానికి పైగా ఇళ్లకు ఒకే గది, ముందు ఒక వసారా. ఏడుగురు మనుషులు. విడి గది ఎక్కడిది? "మరుగుదొడ్డి వేరుగా వాడండి" అనే కాగితం చేతిలో పెట్టి వచ్చిన రోజున నాకు సిగ్గు వేసింది. రెండో విడతలో ఒక ఊరి బడి హెడ్మాస్టరు తాళం తీసి ఇచ్చారు. రెండు గదులు, కిటికీలు పెద్దవి. జ్వరం వచ్చిన మగవాళ్లు పదిమంది అక్కడ పడుకున్నారు. ఇళ్ల నుంచి కేరియర్లు వచ్చేవి. నేను ఉదయం, సాయంత్రం వెళ్లి ఆక్సిమీటరు పెట్టేదాన్ని. 94 కంటే తగ్గితే 108కి ఫోను. ఆ ఊళ్లో జ్వరం దాచినవాళ్లు లేరు. చెబితే చోటు దొరుకుతుందని తెలిస్తే ఎందుకు దాస్తారు?

బొబ్బిలి బామ్మ – సోమవారం, ఉదయం 10:00

మా మనవరాలు చదివి వినిపిస్తోంది, నేను చెబుతుంటే తనే రాస్తోంది. నాకు డెబ్బై మూడేళ్లు దాటాయి. నేను ఆరోగ్య శాఖలో పని చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మశూచి వేట నడుస్తోంది. చేతిలో ఒక కార్డు ఉండేది, దాని మీద ఒళ్లంతా పొక్కులున్న పిల్లవాడి బొమ్మ. ఇంటింటికీ వెళ్లి ఆ బొమ్మ చూపించి, ఇటువంటిది ఎక్కడైనా చూశారా అని అడిగేవాళ్లం. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి చెప్పేవారు. కేసు చూపించినవారికి బహుమతి. 1975 నాటికి ఆ బహుమతి వెయ్యి రూపాయల దాకా పెరిగింది. అప్పటి వెయ్యి అంటే ఎంతో ఆలోచించుకోండి. ఆ ఏడాదే దేశంలో మశూచి చివరి కేసు కనపడింది.

మాకు అప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పారు. ఒకటి, ఇంటి పెద్దావిడ అనుమతి లేకుండా గడప దాటవద్దు. రెండు, వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేయవద్దు. ఇంట్లో "అమ్మవారు పోసింది" అంటే మేము కాదనేవాళ్లం కాదు. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టడం, బయటివారు రాకుండా ఉండటం, ఆ ఇంట్లోవారు వేరే ఇంటికి పోకుండా ఉండటం పూర్వం నుంచీ ఉన్నదే. "ఆ కట్టుబాటు బాగుంది తల్లీ, దానికి తోడు ఈ టీకా కూడా వేయించు" అనేవాళ్లం. చేయి చాపేవారు.

బాబూ, మాస్టారూ, వేపమండ కట్టిన ఇంటి మీద ఊరికి భక్తి ఉండేది. ఎర్ర రిబ్బను కట్టిన ఇంటి మీద ఊరికి అసహ్యం కలిగింది. దూరం రెండింట్లోనూ ఒకటే.

సీతంపేట సంత – సోమవారం, రాత్రి 9:15

బామ్మగారి మాట చదివి రెండుసార్లు తల ఊపాను. నేను ఏజెన్సీలో గిరిజన పాఠశాల ఉపాధ్యాయుడిని. మా కొండ మీద ఊళ్లకు మైకు ఆటో ఎక్కదు. ఎక్కినా అందులో ఉన్న తెలుగు అవ్వలకు అర్థం కాదు. "లక్షణాలు", "నిర్ధారణ", "వ్యాప్తి" అని చెబితే మనకే తడుముకోవలసి వస్తుంది, సవర మాట్లాడే అవ్వకు ఎలా తెలుస్తుంది? గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. సవరల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వంద ఏళ్ల కిందటే ఆ భాష నేర్చుకుని, నిఘంటువు చేశారు. అదే జిల్లాలో మేము 2020లో కొండ మీదకు అచ్చు తెలుగు కరపత్రాలు మోసుకుపోయాం.

తరువాత మా బడిలో చదివిన ఇద్దరు ఇంటర్ పిల్లలు సవరలో ఫోనులో మాట్లాడి రికార్డు చేశారు. రెండు నిమిషాలు. వారపు సంతకు వెళ్లే ముందు ఏమి చేయాలి, వచ్చాక ఏమి చేయాలి, అంతే. సంత మానమని చెప్పలేదు. సంత మానితే ఉప్పు, నూనె ఉండవు, చింతపండు, చీపుర్లు అమ్ముడుపోవు. ఇంటికి ఒకరు వెళ్లండి, గుడ్డ ముక్కుకు కట్టుకోండి, వచ్చాక గెడ్డలో (వాగులో) సబ్బుతో స్నానం చేసి లోపలికి రండి అన్నారు. టీకా సమయంలో కూడా అంతే. మొదట జనం అడవిలోకి వెళ్లిపోయారు. ఆ పిల్లల్లో ఒకరి తల్లి మొదట వేయించుకుని, రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గాక, తానే ఇంటింటికీ తిరిగి "జ్వరం వచ్చింది, పోయింది" అని చెప్పింది. జ్వరం రాదని అబద్ధం చెప్పి ఉంటే రెండో డోసుకు ఎవరూ వచ్చేవారు కారు.

గంటస్తంభం – మంగళవారం, ఉదయం 6:20

మూడు రోజులుగా చదువుతున్నాను. ఆశా అక్క చెప్పిన అత్త సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. మా అన్నయ్య కూడా మొదటి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. పెళ్లివారికి చెడ్డపేరు వస్తుందని. నేను ఇన్నాళ్లూ పెళ్లిని తప్పు పట్టాను కానీ ఆ నాలుగు రోజుల గురించి ఆలోచించలేదు.

అయినా నా వాక్యం వెనక్కి తీసుకోను మాస్టారూ. "తగ్గింది" అన్న కబురు చాలా ప్రమాదం. 2020 చివర్లో మనం ఒకరినొకరు అభినందించుకుంటూ మాస్కులు గడ్డం కిందకు దించుకున్నాం. భయపెట్టవద్దంటే భయపెట్టకండి. ఎప్పుడు తీయవచ్చో చెప్పేవారెవరో ఆ పేరు మాత్రం రాయండి. పక్కవాడు తీశాడు కదా అని నేను తీశాను. ఎవరైనా నమ్మకస్తులు చెప్పే దాకా ఆగి ఉంటే బాగుండేది.

పరీక్షగది – మంగళవారం, రాత్రి 10:30

నాది ఒక సందేహం. వచ్చేది మళ్లీ గాలి ద్వారా అంటుకునే రోగమే అని ఏముంది? 2024 అక్టోబరులో మన విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. అక్కడ మాస్కు ఏమి చేస్తుంది? కాచిన నీళ్లు, క్లోరిన్, ఓఆర్‌ఎస్ కావాలి. సీతంపేట వైపు మలేరియా అయితే దోమతెర కావాలి. గోడ మీద మాస్కు, ఆరడుగులు అని పెయింటు వేసి ఉంచితే నీళ్ల రోగం వచ్చినప్పుడు జనం మాస్కు పెట్టుకుని అవే నీళ్లు తాగుతారు.

కాబట్టి పెయింటుతో రాసేది ఏ రోగానికైనా వర్తించేది కావాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఇది దేని ద్వారా వస్తోంది? గాలా, నీళ్లా, దోమా, ముట్టుకోవడమా? దానికి జవాబు తెలిసిన రోజున సుద్దముక్కతో రాసుకునేలా పక్కన నల్లబల్ల రంగు వేయించండి. ఎన్నాళ్లు, ఎప్పుడు సడలించవచ్చు అన్న గంటస్తంభం అన్నగారి మాట కూడా అక్కడే రాయవచ్చు, పీహెచ్‌సీ డాక్టరు చెప్పిన తేదీతో సహా.

వలసబాట – బుధవారం, ఉదయం 5:50

ఆ నల్లబల్ల మా పేట వైపు కూడా ఒకటి ఉండాలి. మా వాళ్లు బడి రోడ్డున ఎక్కువగా రారు. రామాలయం వెనుక నీళ్ల ట్యాంకు గోడ ఉంటుంది, మీ ఊళ్లో కూడా అటువంటిది ఉండే ఉంటుంది. రంగు డబ్బా నేను కొంటాను.

వంశధార మాస్టారు – శనివారం, రాత్రి 9:40

నిన్న సాయంత్రం బడి కమిటీ సమావేశం పెట్టాను. సర్పంచిని, ఆశా కార్యకర్తను, పేట నుంచి ఇద్దరు పెద్దలను, డ్వాక్రా సంఘం అధ్యక్షురాలిని పిలిచాను. 2020లో మా ఊరి మాస్కులు కుట్టింది ఆ సంఘమే. మీ మాటలన్నీ చదివి వినిపించాను. బామ్మగారి మాట దగ్గర మా సర్పంచి తల్లిగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆమె కూడా ఆ టీకా మచ్చ చూపించారు.

బడి గది గురించి మొదట గొడవ జరిగింది. పిల్లలు చదువుకునే చోట రోగులను ఎలా ఉంచుతారని ఇద్దరు లేచారు. న్యాయమైన ప్రశ్నే. బడి మూసి ఉన్న రోజుల్లో అయితే రెండు గదులు, బడి నడుస్తుంటే పంచాయతీ పాత భవనం అని తేలింది. ఆ భవనం కిటికీలకు తలుపులు లేవు, నెలలోగా వేయిస్తామని సర్పంచి మాట ఇచ్చారు. ఆటో కూడా తేలింది. ఇద్దరు డ్రైవర్లు తమ పేర్లు తామే రాయించుకున్నారు.

రేపు పెయింటర్ రాసే వాక్యాలు ఇవి. మొదటిది ఆశా అక్కది, "జ్వరం వచ్చిన మొదటి రోజే చెప్పండి". దాని కింద, "చెప్పినవారికి గది, భోజనం, బండి ఊరు ఇస్తుంది". తరువాత అలల ఊరివారి కట్టుబాటు, "రోగిని, రోగి ఇంటివారిని మాట అన్నవారిని ఊరు ఊరుకోదు". జరిమానా అని రాద్దామంటే సర్పంచి వద్దన్నారు, నేను ఒప్పుకున్నాను. ఆ తరువాత కొబ్బరితోట తమ్ముడి కోసం, "డయాలసిస్, కాన్పు, టీబీ మందు ఆగకూడదు". చివరిది, "సబ్బుతో ఇరవై సెకన్లు". చేతులు రుద్దే బొమ్మ కూడా ఉంటుంది, చదవడం రానివాళ్లకు. వాక్యాల కింద బడి కమిటీ అని, పంచాయతీ అని, పేట పెద్దలు అని రాసి, అందరి సంతకాలు పెయింటుతోనే వేయిస్తున్నాం.

పక్కన నాలుగడుగుల నల్లబల్ల. నీళ్ల ట్యాంకు గోడ మీద ఇంకొకటి. వలసబాట తమ్ముడూ, రంగు డబ్బా మా సంఘం కొనేసింది, మీరు మీ ఊరి గోడకు కొనండి.

ఆశా అక్క – శనివారం, రాత్రి 10:15

మాస్టారూ, ఎవరికి చెప్పాలో గోడ మీద లేదు. ఫోను నంబరు రాయించండి. 108, 104 ఎలాగూ ఉంటాయి, ఊరి మనిషి నంబరు కూడా ఉండాలి.

వంశధార మాస్టారు – ఆదివారం, సాయంత్రం 6:30

రాయించానక్కా, పెయింటుతో మాత్రం కాదు. మా ఆశా కార్యకర్త ఈ రెండేళ్లలో రెండుసార్లు నంబరు మార్చుకుంది. నంబరు నల్లబల్ల మీద సుద్దతో ఉంటుంది. ప్రతి నెల ఒకటో తేదీన ఐదో తరగతి పిల్లలు ఆమెకు ఫోను చేసి, మోగితేనే మళ్లీ రాస్తారు. ఈ రోజు మొదటిసారి చేశారు. రెండో రింగుకే ఎత్తింది.